గొంగడి కింద సీసాలు

కంపౌండర్ రాజలింగం ఇక లేడన్న వార్త చేరిన క్షణాన నేను ఒక వెచ్చని సీసాను చెంపకు ఆనించుకొని ఉన్న.

ఆ పొద్దున భైంసా నుంచి తంతి వచ్చింది. ఆ దిక్కు ఊర్లల్ల వాంతులు, విరేచనాలు ప్రబలితే, పదిహేను దినాలు రోగుల నడుమ నిలబడ్డ మనిషి తానే పడిపోయిండట. ఒంట్లో నీరంతా పోయి మూత్రం బందయిందట. లారీలో కరీంనగర్‌కు తెస్తున్నరట. ఊరి చివరి ధర్మ దవాఖానలో మా డాక్టరమ్మ మంచం వేయించింది, గొట్టాలు ఉడకబెట్టించింది. సీసాలు వెచ్చబెట్టే పని నేను అడిగి తీసుకున్న. వేడినీళ్ళ బకెట్‌లో ముంచి, తీసి, తుడిచి, గొంగడిలో చుట్టి, చెంపకు ఆనించి చూడాలె. కాలొద్దు, చల్లగ తగలొద్దు. ఈ విద్య రాజలింగం దగ్గర చూసి నేర్చుకున్నదే. పగటిపూట గంట రెండు గొట్టంగ నిర్మల్ నుంచి ట్రంకు కాల్ వచ్చింది. లారీ గోదావరి మీది సోన్ వంతెన దాటకముందే ప్రాణం పోయిందట.

గొంగడి కింద ముప్పై సీసాలు వెచ్చగనే ఉన్నయి. మనిషి రాలే.

ఆ దుర్వార్త విని నిశ్చేష్టుణ్ణయిన. నలభై ఏండ్లు నిండని దేహం, మూడు దినాలు నిద్ర లేకున్నా వణకని చేతులు, ఆ చేతుల వల్ల పునర్జన్మ పొందిన ఎందరో అభాగ్యులు, అన్నీ ఒక్కసారి కండ్ల ముందర మెదిలినయి. మిత్రులు ఈ సంస్మరణ సంచికకు నన్నే రాయమన్నరు. "నీకంటె దగ్గరోడు ఎవడున్నడు కిష్టయ్యా" అన్నరు. దగ్గరోణ్ణే. మెట్‌పల్లిలో మా నూనె దుకాణం వెనుక గోడకు ఆనుకొనే వాళ్ళ మగ్గాల ఇల్లు. ఒకే బడి, ఒకే ఉర్దూ పంతులు, ఒకే బెత్తం. కాని వాళ్ళకు తెలియని సంగతి ఒకటున్నది. నేను ఈ మనిషిని ఎంత ప్రేమించిన్నో అంతకు రెండింతలు అసూయపడ్డ. సేవాపరాయణుడు, కరుణార్ద్రహృదయుడు, నిరాడంబరుడు అని సంస్మరణల్లో రాస్తరు. ఈ విశేషణాలన్నీ రాజలింగానికి కుట్టించినట్టే అమరుతయి. ఒక్కొక్కటి రాస్తుంటే ఇప్పటికీ నా కడుపు మండుతనే ఉన్నది. నా ఒంటికి అండ్ల ఒక్కటన్న పట్టకపాయె.

నా సంగతి చెప్పితేగాని అతని సంగతి తెలియదు. మా బాపు నూనె దుకాణం నడిపించిన తీరు వేరు. కొలిచినంక గిరాకి ఇంకింత పొయ్యమంటడు; గరిటెతో పోసే ఆ కాసింతే కొసరు. గిరాకి అడుగాలె, మేము గొణుగాలె, గొణిగి పొయ్యాలె. దాంట్లనే దుకాణపు సొగసంత ఉన్నది. బాపుది ఇంకొక నియమముండె. కొలత పలికేటప్పుడు నోట తక్కువ అన్న మాట రావద్దు. నూనె కొలిచే పావు అంచు దాక రాకున్నా సరే, "నిండింది" అనే పలుకాలె, వెనుక కొసరుతోటి సరిచెయ్యాలె. గల్లా ముందర తక్కువ అంటే లక్ష్మి లేచి పోతదని ఆయన నమ్మకం. ఆ పలుకు నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. ఈ నియమాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకోవాలె. ముందటికి దాంతోటి పనున్నది.

రాజలింగం మా దుకాణానికి వస్తే నాకు చికాకు. నేను చెప్పిన ధరకు మారు మాటాడడు. కొసరు అడుగడు. "జర బేరమన్న ఆడు భాయ్, నా నోరు తుప్పు పడ్తుంది" అంటే నవ్వి, "నువ్వు తప్పు చెప్తవా సేటూ?" అనెటోడు. చెప్తుంటి. ఆ నవ్వు చూసినంక చెప్పబుద్ధి కాకపొయ్యేది. బేరమాడని మనిషి దుకాణదారును ఎట్ల లొంగదీస్తడో బేరమాడెటోళ్ళకు తెలియదు.

మా అవ్వకు పక్షవాతమొచ్చి ఏడాదిన్నర మంచంల ఉన్నది. అప్పటికి అతను కరీంనగర్ ధర్మ దవాఖానలో కంపౌండరయిండు. వారానికొక్క సెలవు దొరికితే బస్సెక్కి మెట్‌పల్లికొచ్చి, సొంతింటికి పోకముందే మా ఇంటికొచ్చి అవ్వ వీపు పుండ్లు కడిగెటోడు. అవ్వ మూలగకపొయ్యేది. నేను కడిగితే వీధంత వినబడేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగిన.

"అవ్వా, నేను కడిగితే ఒర్రుతవు. వాడు కడిగితే నవ్వుతవు. కన్నది నన్నా, వాణ్ణా?"

"నిన్నే బిడ్డా. నువ్వు బేరం మంచిగ జేస్తవు. వాడు చెయ్యి మంచిగ బెడ్తడు. తొందరెందుకు, నీకు గూడ ఒక పని మంచిగొచ్చు గద."

పక్కన రాజలింగం దూది తడుపుకుంట గొంతు తగ్గించి, "అవ్వా, సేటుకు కోపమొస్తుంది, జర ఒర్రు" అన్నడు. అవ్వ నా మొఖం చూసుకుంట ఒర్రింది. ముగ్గురం నవ్వినం. ఇంట్లకు పోయి తలుపు చాటుకు నేను ఏడ్చిన.

అతని కీర్తికి మూలమైన కార్యమేమిటో తెలియనివాళ్ళ కోసం రాస్తున్న. పాము కుట్టిన రైతులకు, కాన్పుల రక్తం పోయిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు పనిచెయ్యడం మానేస్తయి. మైల ఒంట్లనే నిలిచి మనిషి ఉబ్బి, మత్తులో పడి పోతడు. మూత్రపిండాలకు విశ్రాంతి దొరికితే పది, పదిహేను దినాల్లో మళ్ళ లేచే గుణమున్నది; అందాక మనిషిని నిలుపుడే కష్టం. మా డాక్టరమ్మ మద్రాసు దిక్కు నేర్చుకొచ్చిన ఉపాయమిది. బొడ్డు కింద సన్న గొట్టం దింపి, ఉప్పు, చక్కెర కలిసిన శుద్ధజలం రెండు సీసాలు మీది నుంచి కడుపులకు వదులుతరు. అరగంట ఆగి, ఆ ఖాళీ సీసాలనే నేల మీదికి దింపితే, నీళ్ళు మైలను పట్టుకొని అదే గొట్టంల తిరిగి వస్తయి. పారబోసి మళ్ళ కొత్త సీసాలు. గంటకొక్క విడత. రెండు దినాలు, మూడు దినాలు, ఎడతెగకుండ. డాక్టర్లు డయాలిసిస్ అంటరు. మా జనం కడుపు కడుగుడు అంటరు. డాక్టరమ్మ గొట్టం దింపి పోతది. ఆ మూడు దినాలు మంచం పక్కన ఉండెటోడు రాజలింగం.

ఒక్క గడియారం, ఒక్క గొంగడి, ఒక తెల్లని నూలు దారం. ఇవే అతని పనిముట్లు. విడత ముగిసినప్పుడల్లా కాగితం మీద పోసినదెంత, వచ్చినదెంత రాసి, మంచం కమ్మీకి కట్టిన దారానికి ఒక ముడి వేసెటోడు. నేతగాని వేళ్ళు; చూడకుండనే ముడి పడేది. "కాగితం డాక్టరమ్మకు. ముడి రోగికి. ఎంత దూరమొచ్చిన్నో వేళ్ళతోటి తడిమి చూసుకుంటడు" అనెటోడు. హుస్నాబాద్ నుంచి పాము కుట్టిన ఒక పత్తిరైతు వస్తే, కడుపుకు చిల్లు పెడ్తరని మంచం దిగి ఉరికిండు. రాజలింగం వెంటబడలే. వరండా మెట్ల మీద పక్కన కూసొని బీడీ ఇచ్చిండు.

"మామా, నీ మూత్రపిండాలు అలిగినయే. అలిగినోళ్ళ మీద ఒర్రితే ఇంకింత అలుగుతరు. అవి మళ్ళ పనికొచ్చేదాక వాటి పని మనం జేద్దాం. నువ్వు పండుకో, నేను జేస్త."

"మూడు దినాలా నాయ్నా?"

"నాకు మాత్రం యాడ పనున్నది?"

ఆ రైతు లేచి నడిచి హుస్నాబాద్ పోయిండు. వచ్చే ఏడు పత్తి అమ్మి, కరీంనగర్‌కు మార్చిన నా దుకాణం ముందట నుంచే దాటిపోయి, రాజలింగానికి కొత్త గొంగడి ఇచ్చి వచ్చిండు. ఎదురుగ ఉన్న నాకు రాం రాం గూడ చెప్పలే.

ఇక అసలు సంగతి. దీన్ని రాయకుండ దాటితే ఈ వ్యాసమంతా బూటకమైతది.

రెండేండ్ల కింద నా భార్య అనసూయకు కాన్పులో బిడ్డ దక్కలే. రక్తం విపరీతంగ పోయింది. నాలుగు దినాలు చుక్క మూత్రం రాలే. అప్పటికి నేను దుకాణం కరీంనగర్‌కు మార్చి ఉన్న. బండిల వేసుకొని దవాఖానకు పోతే డాక్టరమ్మ మూడు దినాలు కడుగాలన్నది. ఆలి చావుబతుకుల్లో ఉన్నా నా నోరు ఊరుకోలే.

"రెండు దినాలల్ల కాదా అమ్మా? మనిషి బలహీనంగున్నది."

డాక్టరమ్మకు కోపమొచ్చింది. రాజలింగం నా భుజం మీద చెయ్యేసిండు. "సేటూ, గీ బేరం డాక్టరమ్మతోటి కాదు, చెల్లె ఒంటితోటి. ఒళ్ళు ఎంతంటే గంతే."

మొదటి దినం గడిచింది. రెండో దినం పొద్దుగాల అనసూయ కండ్లు తెరిచింది. నేను మంచం మీదికి వంగి నిలబడ్డ. నా భుజం మీదుగ చూసి, ఎండిన పెదవులతోటి అన్న మొదటి మాట, "అన్న ఏమన్న తిన్నడా?"

నేను తిన్ననా లేదా అడుగలే. చచ్చి బతికిన మనిషి మీద ఎవడన్న అసూయపడ్తడా? నేను పడ్డ. ఆమె మీద కాదు, ఆమె చూపు మీద.

అదే దినం పగటిపూట పక్క మంచం మీదికి ఇంకొక రోగి వచ్చిండు. రెండు మంచాలు, రెండు గొట్టాలు, మనిషి ఒక్కడు. డాక్టరమ్మ ఆపరేషన్ గదిల ఉన్నది. "సేటూ, సీసా కింద పెట్టినంక నీళ్ళు ఏ గీత దాక వచ్చినయో జర చూసి పలుకు, నేను రాసుకుంట" అన్నడు రాజలింగం. కొలత పలుకుడు! పుట్టినప్పటి నుంచి నేను చేస్తున్న పని. నేల మీద గొంతుకూసొని చూసిన. రెండు సీసాలల్ల పోసినంత రాలే. మూతి కింద నాలుగు వేళ్ళ మందం వెలితి ఉన్నది. నోరు దానంతటదే "నిండింది" అన్నది. వెనుక కొసరు వస్తది, వచ్చే విడతల సరిపోతదనుకున్న. వచ్చే విడతల గూడ వెలితే. మళ్ళ "నిండింది" అన్న. పక్క మంచం దగ్గర నుంచి అతను, "షాబాష్ సేటూ" అన్నడు. ఆ షాబాష్ నాకు తీపిగ తగిలింది. ఒక్క పనన్న నేను రాజలింగమంత మంచిగ చేస్తున్నననిపించింది. ఆరు విడతలు అట్లనే పలికిన. అతను రాసిండు, ముడులేసిండు.

ఆరో ముడి పడ్డంక అనసూయకు ఊపిరి ఆడలే. కడుపు కుండ లెక్క బిగిసింది, పెదవులు నల్లబడ్డయి. రాజలింగం ఒక్క దుంకుల వచ్చి అరచెయ్యి కడుపు మీద పెట్టిండు. నా దిక్కు చూసిండు.

"గీత దాక వచ్చినయంటివి?"

"జర... జరంత తక్కువే. వెనుక వస్తయనుకున్న."

ఒక్క క్షణం నా మొఖం చూసిండు. ఎత్తిన సీసాను కట్టేసి, దిండ్లు పెట్టి ఆమెను లేపి కూసోబెట్టి, "చెల్లే, ఎడమ దిక్కు ఒరుగు. ఇగో, నా చెయ్యి పట్టుకో. ఇప్పుడు కుడి దిక్కు" అనుకుంట, గొట్టాన్ని వేళ్ళతోటి సవరించుకుంట, నీళ్ళకు తొవ్వ వెతికిండు. కొంచెంసేపటికి గొట్టంల గడగడమన్నది. ఒక సీసా నిండింది. ఇంకొకటి. అనసూయ ఊపిరి తీసుకున్నది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ.

డాక్టరమ్మ ఉరికొచ్చింది. కాగితం చూసింది, సీసాలు చూసింది. "లోపల గంత నిలిచింది! కాగితం మీద సరిగ్గ ఉన్నదేంది? ఎవరు చూసిన్రు?"

నేను నోరు తెరిచిన. నిజంగ తెరిచిన. అంతల రాజలింగం, "నేనే డాక్టరమ్మా, తప్పు రాసిన. కండ్లు మసకబట్టినయి" అని, నా దిక్కు తిరిగి, "సేటూ, పోయి వేడినీళ్ళు పట్టుకరా పో" అన్నడు.

బకెట్ తీసుకొని పోయిన. నా జన్మలో నాకు దొరికిన అన్నింటికంటె సులువైన బేరం అది. మారు మాట లేకుండ ఒప్పుకున్న.

అనసూయ బతికింది. పన్నెండో దినం మూత్రం వచ్చింది. దవాఖాన పెద్దలు విచారణ పెట్టిన్రు. మళ్ళ అతను అదే మాట చెప్పిండు. నేను వరండాలనే ఉన్న, గుమ్మం దాటలే. భయం ఒక కారణం. రెండోది రాయడానికి సిగ్గయితున్నది. ఇన్నేండ్లకు ఈ మనిషి వెలుగు మీద ఒక మసి చుక్క పడ్డది గదా, కొద్ది దినాలు ఉండనీ అనిపించింది. ఆ మసి నా చేతిది. భైంసా దిక్కు దవాఖానకొక చిన్న శాఖ ఉంటే అక్కడికి బదిలీ చేసిన్రు. అక్కడ గొట్టాలు లేవు, ఈ పని తెలిసినోళ్ళు లేరు.

బస్టాండుకు నూనె డబ్బా ఒకటి పట్టుకొని పోయిన. "ఇయ్యాల పోయి చెప్పేస్త భాయ్. నావల్ల నువ్వు పోవద్దు" అన్న. అతను డబ్బాను కాళ్ళ నడుమ పెట్టుకున్నడు.

"చెప్పకు సేటూ. చెల్లెకు తెలుస్తే నీ చేత మంచినీళ్ళు తాగనీకి జంకుతది. ఇంట్ల అట్లుండొద్దు. నాదేమున్నది, భైంసాల గూడ రోగులుంటరు."

"మళ్ళ ఎప్పుడన్న చెప్తలే" అన్న.

"చెప్దువు తియ్యి. తొందరేమున్నది."

నేను ఇంటికొస్తుంటె బరువు దిగినట్టయింది. వెంటనే ఇంకొకటి ఎక్కింది: క్షమించుడు గూడ నాకంటె వాడికే మంచిగొస్తది.

ఇంట్ల సంగతి వినండి. తప్పు రాజలింగానిదేనని నమ్మి గూడ, అనసూయ ముడుల దారాన్ని పుస్తెల పెట్టెల దాచుకున్నది. "తప్పు జేస్తె జేసిండు. బతికిచ్చింది మా అన్ననే" అనేది. అతని మసి గూడ నాకు కలిసిరాలే. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లనే తిన్నడు. నేను వడ్డిస్తే, నా చేతి కూరే బాగుందనెటోడు, ఆమె వినంగ.

రెండేండ్ల సంది ఆ మాట రేపు చెప్త, ఎల్లుండి చెప్త అని నాతో నేనే గీచి గీచి బేరమాడుకున్న. ఇప్పుడు చెప్పనీకి అతను లేడు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే అతను కరీంనగర్‌లనే ఉండెటోడు. ఒకవేళ అతని మూత్రపిండాలు అలిగినా, డాక్టరమ్మ గొట్టం దింపేది, సీసాలు వెచ్చగుండేటివి, సోన్ వంతెన అడ్డముండకపొయ్యేది. మూడు దినాలు పక్కన కూసునేటోళ్ళం మేముంటిమి.

ట్రంకు కాల్ వచ్చిన దినం పొద్దు గూకకముందే ఇంటికి పోయి అనసూయకు అంత చెప్పిన. ఆమె లేచి పెట్టె తెరిచి దారం తీసింది. నా ముందర పరిచింది.

"నువ్వు పలికినవి ఏ ముడులు?"

లెక్కబెట్టి చూపిన. ఆరు ముడులు. మిగతావాటి లెక్కనే ఉన్నయి. అతని వేళ్ళు భేదం చూపలే.

"అన్నకు అప్పుడే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి గూడ ఇంటికొచ్చి, నీ చేత అన్నం పెట్టించుకొని తిన్నడా?"

"తిన్నడు."

చాలసేపు ఏడ్చింది. నేను దగ్గరికి పోతే చెయ్యి అడ్డం పెట్టింది. తరువాత మొఖం తుడుచుకొని, "నీ మిత్రులు నిన్నే రాయమంటరు గద, రాయి. అన్న మీద పడ్డ మాట తీసేసి రాయి" అన్నది. రెండు దినాలు నా చేతి నుంచి మంచినీళ్ళు తీసుకోలే. అతను బస్టాండుల భయపడ్డది సరిగ్గ అదే. నేను గ్లాసు గట్టు మీద పెట్టి పక్కకు జరుగుతున్న. అది నా వంతు. అతను రెండేండ్లు ఆపిపెట్టిన వంతు. మూడో దినం, అందాక రాసిన ఈ పేజీలు చదివినంక, గ్లాసు ఎత్తి తాగింది. మాట మాత్రం ఇంకా రాలే.

దవాఖాన పెద్దలకు ఈ వ్యాసమే నా వాంగ్మూలం. కాగితంలో తప్పు కంపౌండర్ రాజలింగానిది కాదు. డాక్టరమ్మ దాన్ని ఎర్ర సిరాతో సవరిస్తనన్నది. ఆ ముప్పై సీసాలు ఊరికెనే పోలే. నాలుగో దినమే హుజురాబాద్ దిక్కు నుంచి పాము కుట్టిన ఒక తల్లిని తెస్తే ఆమెకు పట్టినయి. ఆ మంచం పక్కన నేను మూడు దినాలు కూసున్న. సీసాలు వెచ్చబెట్టిన, దారానికి ముడులేసిన. నా ముడులు వంకరగ పడ్డయి. ఆమె తేరుకొని, "పాత కంపౌండర్ యాడ బోయిండు నాయ్నా? ఆయన చెయ్యి మంచిదంటరు" అని అడిగింది. చూసిన్రా, ఇప్పటికీ!

మా జిల్లాలో అతని స్థానం భర్తీ అయ్యేది కాదు. ఎంత వెచ్చని సీసా ఎత్తినా ఆ చెంప లేదు, ఆ చెయ్యి లేదు. ఆ పుణ్యాత్మునికి నా దగ్గర అర్పించనీకి పూలకంటె ముందు ఒక మాట బాకీ ఉన్నది. ఆ దినం నేల మీద కూసొని పలుకవలసిన మాట, మా బాపు గల్లా ముందర పలుకొద్దన్న మాట, ఇయ్యాల నలుగురూ వినంగ పలుకుతున్న.

తక్కువ వచ్చింది, రాజలింగం. ఆరుసార్లూ తక్కువే వచ్చింది.